స్పీచ్ థెరపిస్టుగా నాలుగైదేళ్లయ్యాక ముందుకెళ్లడం ఎలా

బీఏఎస్ఎల్‌పీ (స్పీచ్, వినికిడి డిగ్రీ) అయిపోయి నాలుగైదేళ్లు దాటిన వాళ్లతో కూర్చుంటే మాటలు తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి. రోజుకు ఏడెనిమిది సెషన్లు, శనివారం కూడా డ్యూటీ, ఏడాదికి పెరిగేది వెయ్యో రెండు వేలో. పక్క సెంటర్ వాళ్లు ఇంకో మూడు వేలు ఇస్తామంటే అటు మారతాం. అక్కడా ఇవే సెషన్లు, ఇదే అలసట. నర్సింగ్‌లో అయితే స్టాఫ్ నర్సు, ఇన్‌చార్జి, సూపరింటెండెంట్ అని మెట్లు ఉన్నాయి. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో డిపార్ట్‌మెంట్ అంటే ఒక గది, ఒక మనిషి. హెడ్డూ మీరే, ఫైళ్లు సర్దేదీ మీరే.

అంచేత ప్రమోషన్ వస్తుందని ఎదురుచూడటం దండగ. ఏదో ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా మీ చేతుల్లోకి తీసుకుని, మీరు సెలవులో ఉన్న రోజు కూడా అది సరిగ్గా జరిగేలా చేయగలిగితే, హోదా, జీతం ఆ వెనకే వస్తాయి. కాస్త ఆలస్యంగానే అనుకోండి. ఆ పని ఎలా మొదలుపెట్టాలో వరసగా చెప్తాను.

ముందు కాగితాలు

బోరు కొట్టే పనే, కానీ ఒక్క పూటలో తేలిపోతుంది. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, దానికి సీఆర్ఈ పాయింట్లు, అంటే ఉద్యోగంలో ఉంటూ హాజరయ్యే శిక్షణలకు ఇచ్చే పాయింట్లు కావాలి. చాలామంది చివరి ఏడాదిలో మేలుకుని, ఏ ప్రోగ్రామ్ దొరికితే దానికి డబ్బు కట్టి, వెనక బెంచీలో కూర్చుని ఫోన్ చూసుకుని వస్తారు. అలా కాకుండా మీరు పట్టుకోబోయే లైనుకు, అంటే ప్రత్యేకంగా చూడబోయే కేసుల రకానికి పనికొచ్చే ప్రోగ్రాములనే ఏడాది మొదట్లో ఎంచి పెట్టుకోండి. పాయింట్లూ వస్తాయి, పనీ వస్తుంది.

రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే ఆర్‌సీఐ చట్టం 1992లోని 13వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. హైదరాబాద్‌లో వెయ్యి రూపాయలంటే ఒకటి రెండు సెషన్ల ఫీజు. ఆ జరిమానాకు భయపడి ఎవరు ఆగుతున్నారో మీకూ తెలుసు. కాబట్టి మీ నంబరును గోడ మీద, రిపోర్టు మీద, విజిటింగ్ కార్డు మీద అందరికీ కనిపించేలా పెట్టండి. ఒకచోట చూసిన పేరెంట్స్ ఇంకోచోట అడుగుతారు.

ఇంకొకటి. చదువుకునేటప్పటి క్లినికల్ గంటల లాగ్‌బుక్, పూర్తి సిలబస్ కాపీ కాలేజీ ముద్రతో ఇప్పుడే తెచ్చి దాచుకోండి. పదేళ్ల తర్వాత అడిగితే అక్కడ ఆ సారూ ఉండరు, ఆ బీరువా తాళమూ దొరకదు.

ఒక లైను పట్టుకోండి

అన్ని రకాల కేసులూ చూడటం మొదటి రెండేళ్లు మంచిదే. ఐదో ఏడు కూడా అదే చేస్తుంటే ఊళ్లో డాక్టర్లకు మీరు ఫలానా పనికి గుర్తుకురారు. గుర్తుకు రావడమే కదా ఇక్కడ అసలు సంగతి.

ఆటిజం, మాటలు ఆలస్యమైన పిల్లలు అంటే కేసులకు కొదవ లేదు, అందరూ అక్కడే ఉన్నారు కూడా. కూకట్‌పల్లి నుంచి కొండాపూర్ దాకా ఎన్ని బోర్డులో చూడండి. కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే పరికరం) పిల్లల పని వేరు. ఆరోగ్యశ్రీ వల్ల ఆపరేషన్ అయిన పిల్లలు జిల్లాల్లో చాలామంది ఉన్నారు, తర్వాత ఏళ్ల తరబడి థెరపీ చేసేవాళ్లు మాత్రం నగరాల్లోనే ఉన్నారు. వరంగల్, కర్నూలు, రాజమండ్రి లాంటి ఊళ్లలో స్థిరపడాలనుకునే వాళ్లకు ఇది గట్టి లైను. గొంతు సమస్యలు కావాలంటే మంచి ఈఎన్‌టీ డాక్టరు, ఆ డాక్టరు దగ్గర గొంతులోకి చూసే మంచి స్కోపు ఉండాలి, అప్పుడే అటు దిగండి. టీచర్లు, లెక్చరర్లు, పాటగాళ్లు, పురోహితులు, రోజంతా ఫోన్లో మాట్లాడే ఉద్యోగులు, పేషెంట్లయితే బోలెడు. నత్తి చూసేవాళ్లు తక్కువ, ఓపికగా చూసేవాళ్లు ఇంకా తక్కువ.

నా లెక్కలో ప్రస్తుతం మన దగ్గర బాగా ఖాళీగా ఉన్న లైన్లు రెండు. పెద్దాసుపత్రుల్లో మింగడం సమస్యలు, అంటే డిస్ఫేజియా. పిల్లల సెంటర్లలో ఏఏసీ, అంటే మాట రాని పిల్లలకు బొమ్మల కార్డులతోనో ట్యాబ్‌తోనో మాట్లాడే దారి చూపడం. ఏఏసీ పెడితే ఇక మాట రాదేమోనని పేరెంట్సే కాదు, కొందరు థెరపిస్టులు కూడా భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదని చెప్పి, చేసి చూపించే మనిషి ప్రతి ఊళ్లో ఒకరైనా కావాలి.

మీకు ఏది ఇష్టం అన్నదానికంటే మీరు ఎక్కడ కూర్చున్నారన్నది చూడండి. న్యూరాలజీ, ఐసీయూ ఉన్న చోట పని చేస్తూ నత్తి స్పెషలిస్టు అవుతానంటే ఎదురీతే. మీరున్న చోట ఆ కేసులు ఎవరు పంపుతారు, నెలకు కనీసం మూడు నాలుగైనా వస్తాయా, ఆ పని ఇప్పటికే ఎవరైనా బాగా చేస్తున్నారా అని ఒక నెల గమనించి అప్పుడు తేల్చుకోండి.

లెక్క రాయడం మొదలుపెట్టండి

‘పిల్లాడు చాలా ఇంప్రూవ్ అయ్యాడు సార్’ అంటే మేనేజ్‌మెంట్ వాళ్లు తలూపి ఊరుకుంటారు. తర్వాత మీరు ఏం అడగాలన్నా చేతిలో లెక్క ఉండాలి.

పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ వద్దు, ఒక ఎక్సెల్ షీటు చాలు. చిన్నపిల్లలకైతే నెలకోసారి అవే బొమ్మలతో పది నిమిషాల ఆట. ఆ పది నిమిషాల్లో మీరు చెప్పించకుండా పిల్లాడు తనంతట తాను అన్న మాటలు ఎన్ని, చూపించో చెయ్యి పట్టుకునో అడిగింది ఎన్నిసార్లు. రెండే గడులు. బొమ్మలు మారితే పోల్చడానికి వీలుండదు కాబట్టి ఒక బస్సు, వంటసామాను సెట్టు, బుడగల సీసా ఒక డబ్బాలో పెట్టి ‘లెక్కకు మాత్రమే’ అని పైన రాయండి. రాయకపోతే వారం తిరక్కుండా బుడగల సీసా ఖాళీ అవుతుంది.

మింగడం కేసులకు నోటితో ఎంత తినగలరో కొలిచే ఎఫ్‌ఓఐఎస్ స్కేలు ఉండనే ఉంది. నోటి ద్వారా ఏమీ తీసుకోలేని స్థితి ఒకటి, ఏ ఆంక్షా లేకుండా అన్నీ తినగలగడం ఏడు. చేరినప్పుడు ఎంత, ఇంటికి వెళ్లేటప్పుడు ఎంత అని రాయండి. దాంతోపాటు అడ్మిట్ అయిన రోజు, మీకు రిఫరల్ వచ్చిన రోజు, ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు తీసేసిన రోజు, మధ్యలో ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చిందా లేదా. మూడు నెలలు ఇవి రాస్తే మీ ఆసుపత్రి గురించి మీకే తెలియని విషయం ఒకటి బయటపడుతుంది: పేషెంట్ చేరాక మీ దాకా రావడానికి ఎన్ని రోజులు పడుతోందో. ఆ అంకె మీద ముందుముందు చాలా పనుంది.

ఇదే షీటు నుంచి ఇషా (ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్) వార్షిక సదస్సుకు ఒక పోస్టర్ తయారవుతుంది. మన భాషలో పరీక్షలు లేవని కూర్చోనక్కర్లేదు. భాషను పరీక్షించే లింగ్విస్టిక్ ప్రొఫైల్ టెస్ట్, స్ట్రోక్ లాంటివాటితో మాట దెబ్బతిన్నవాళ్లకు వాడే వెస్టర్న్ అఫేసియా బ్యాటరీ లాంటివి తెలుగులో ఉన్నాయి. అవి చాలవన్నదీ నిజమే. శ్రీకాకుళం పిల్లాడూ ఆదిలాబాద్ పిల్లాడూ ఒకే బొమ్మను ఒకే పేరుతో పిలవరు. రెండో పేరు అన్నందుకు మార్కు కోసేసే షీట్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. మీ జిల్లా పిల్లలు ఏమంటున్నారో రాసిపెట్టడం కూడా పోస్టర్‌కు తగ్గ పనే.

ఒక పద్ధతిని వార్డులో నిలబెట్టండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ పట్టేది ఇదే. ఉదాహరణకు స్ట్రోక్ వార్డులో మింగడం స్క్రీనింగ్ తీసుకుందాం.

పక్షవాతంతో వచ్చిన మనిషికి మింగడం పరీక్షించకుండా నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు, మాత్ర కూడా. ఇది అందరికీ తెలుసు. కానీ రాత్రి పదకొండింటికి చేరిన పెద్దాయనకు పొద్దున్నే కొడుకు కాఫీ పట్టిస్తాడు. ‘నిన్నటి నుంచి ఏమీ తినలేదు మేడమ్, రెండు గుక్కలే’ అంటాడు. మీరు తొమ్మిదిన్నరకు వచ్చేసరికి ఆ రెండు గుక్కలూ ఎటు పోకూడదో అటు పోయి ఉంటాయి. పొలమారితేనే ప్రమాదం అనుకుంటారు జనం. అసలు దగ్గే రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారేదే ఎక్కువ ప్రమాదం.

మొదట న్యూరాలజిస్టుతో మాట్లాడండి. పీపీటీ తీసుకెళ్లకండి, రౌండ్స్ అయ్యాక రెండు నిమిషాలు అడగండి. ‘సార్, ఈ మూడు నెలల్లో స్ట్రోక్ పేషెంట్లు నా దగ్గరికి వచ్చేసరికి సగటున ఇన్ని రోజులవుతోంది. ఈలోపే వాళ్ల నోట్లో ఏదో ఒకటి పడుతోంది. చేరిన రోజే నర్సులు చేసే చిన్న స్క్రీనింగ్ పెడదాం. ఒక్క వార్డు, ఒక్క నెల. పనికిరాకపోతే తీసేద్దాం.’ ఒక్క వార్డు, ఒక్క నెల అంటే కాదనడానికి ఎవరికీ పెద్ద కారణం దొరకదు.

స్క్రీనింగ్ మీరు సొంతంగా తయారు చేయకండి. 90 ఎంఎల్ నీళ్లు ఆపకుండా తాగించి చూసే పరీక్ష, గస్ అనే మింగడం పరీక్ష లాంటివి ఇప్పటికే పరీక్షించి ప్రచురించినవి ఉన్నాయి, వాటిలో డాక్టరు ఒప్పుకున్నది తీసుకోండి. స్క్రీనింగ్‌లో పాసైనంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదనీ, అనుమానం ఉంటే వీడియోఫ్లోరోస్కోపీయో (మింగడాన్ని ఎక్స్‌రేలో చూసే పరీక్ష), ‘ఫీస్’ అనే ఎండోస్కోపీ పరీక్షో కావాలనీ అదే కాగితంలో రాయించండి.

తర్వాత వార్డు ఇన్‌చార్జి సిస్టర్. నిజానికి ఈ పని నిలబెట్టేది ఆవిడే. సిస్టర్లకు ఇప్పటికే నింపాల్సిన ఫారాలు బోలెడున్నాయి. మీరు ఇంకో కొత్త ఫారం పట్టుకెళ్తే నవ్వుతూ తీసుకుని సొరుగులో పెడతారు. పాత అడ్మిషన్ షీట్లోనే ఒక గడి, ఒక టిక్కు వచ్చేలా చూడండి. ట్రైనింగ్ మూడు షిఫ్టులకూ ఇవ్వాలి. నైట్ డ్యూటీ వాళ్లకు చెప్పడానికి మీరూ ఒక రాత్రి ఉండాలి, వేరే దారి లేదు. ఒకసారి మీరు రాత్రి వచ్చి కూర్చున్నారని తెలిస్తే ఆ వార్డులో మీ మాట విలువే మారిపోతుంది.

మంచం పైన ఎన్‌బీఎం అని ఇంగ్లీషులో రాసి తగిలించే బోర్డు అటెండర్లకు, పేషెంట్ మనుషులకు అర్థం కాదు. ‘నోటి ద్వారా ఏమీ ఇవ్వకండి. నీళ్లు, కాఫీ, మాత్రలు కూడా వద్దు. సిస్టర్‌ని అడగండి’ అని తెలుగులో పెద్దక్షరాలతో పెట్టించండి. ఊరిని బట్టి ఉర్దూలోనో ఒడియాలోనో కన్నడలోనో ఇంకో వరస ఉండాలి.

ఇక వంటగది. డైటీషియన్‌కు ‘సాఫ్ట్ డైట్’ అని రాసి పంపితే సాంబారులో నానబెట్టిన ఇడ్లీ వస్తుంది. మెత్తగానే ఉంటుంది, కానీ పల్చటి సాంబారు, ముక్కలు రెండూ ఒకేసారి నోట్లో పడటంతో మింగలేని మనిషికి అదే కష్టం. చారన్నం కూడా అంతే. అందుకే ఐడీడీఎస్ఐ లెవెల్స్, అంటే ద్రవాల చిక్కదనానికీ తిండి మెత్తదనానికీ ఉన్న అంతర్జాతీయ కొలతలు వాడాలి. సున్నా నుంచి ఏడు దాకా ఉంటాయి, ద్రవాలకు సున్నా నుంచి నాలుగు, తిండికి మూడు నుంచి ఏడు. వంటగదిలో అంకెలు చెప్తే ఎవరూ వినరు, చేసి చూపించండి.

రాగి జావ తీసుకోండి. పది ఎంఎల్ సిరంజి ప్లంజరు తీసేసి, కొనను వేలితో మూసి, పది గీత దాకా జావ పోయండి. వేలు తీసి పది సెకన్లు వదిలి మళ్లీ మూయండి. ఒక ఎంఎల్‌లోపు మిగిలితే అది నీళ్లతో సమానం, లెవెల్ సున్నా. ఒకటి నుంచి నాలుగు మిగిలితే లెవెల్ 1, నాలుగు నుంచి ఎనిమిది అయితే లెవెల్ 2, ఎనిమిదికి పైన మిగిలి ఇంకా కొంచెమైనా కారుతుంటే లెవెల్ 3. సిరంజిలన్నీ ఒకే కొలతలో ఉండవు. సున్నా గీత నుంచి పది గీత దాకా స్కేలు పెట్టి కొలిస్తే 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. అది చూడకుండా చేస్తే అంతా తప్పు లెక్కే.

అదే జావ దింపగానే ఒక లెవెల్, ట్రాలీ మీద మూడో అంతస్తుకు చేరి చల్లారేసరికి ఇంకో లెవెల్. కాబట్టి వంటగదిలో కాదు, పేషెంట్ దగ్గరికి చేరే వేడిలో కొలవాలి. ఇంకో తిరకాసు ఉంది. తినిపించే చెంచా నోట్లోకీ గిన్నెలోకీ తిరుగుతూ ఉంటే లాలాజలం కలిసి జావలో ఉన్న పిండి పదార్థం విరిగి పల్చబడుతుంది. సగం గిన్నె అయ్యేసరికి మీరు రాసిన లెవెల్ ఉండదు. అందుకే కొంచెం కొంచెంగా వేరే గిన్నెలోకి తీసుకుని పెట్టమని ఇంటివాళ్లకు చెప్పాలి. వంటమనిషి, డైటీషియన్, ఒక సిస్టర్ ముగ్గురూ ఉండగా ఇదంతా చేసి చూపిస్తే అర్థమైనంతగా వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే అర్థం కాదు.

అలాగని ప్రతివాళ్లకూ చిక్కటివే అని రాయడం అలవాటు చేసుకోవద్దు. చిక్కటి ద్రవాలు ఇష్టం లేక తాగడం మానేస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది. ఎన్ని రోజులకు మళ్లీ చూడాలో ఆ కాగితంలోనే తేదీ వేయండి.

నెల గడిచాక అదే లెక్క మళ్లీ తీయండి. తర్వాత ఒక వారం సెలవు పెట్టి ఊరెళ్లండి. వచ్చి ఆ వారం షీట్లు చూడండి. టిక్కులు పడి ఉంటే పద్ధతి నిలబడినట్టు. పడకపోతే మీరొక్కరే లాగుతున్నారని అర్థం, మళ్లీ ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి వెళ్లండి.

పిల్లల సెంటర్‌లో ఉన్నవాళ్లకు ఇలాంటి పద్ధతి వేరే ఉంటుంది. కొత్త పిల్లాడు వచ్చిన రోజు వినికిడి పరీక్ష రిపోర్టు లేకుండా థెరపీ మొదలుపెట్టకూడదు అన్న ఒక్క నియమాన్ని అందరిచేతా పాటింపజేయడం కూడా తక్కువ పని కాదు.

జూనియర్లను తయారు చేయండి

సీనియర్ అనగానే కష్టమైన పిల్లాణ్ని జూనియర్ చేతిలోంచి తీసుకుని మనం చేసేస్తుంటాం. పేరెంట్స్‌కు ముచ్చటేస్తుంది, జూనియర్‌కు ఏమీ రాదు. మర్నాటి నుంచి ఆ అమ్మ ‘పెద్ద మేడమే చేయాలి’ అని పట్టు పడుతుంది.

వారానికోసారి జూనియర్ సెషన్లో పదిహేను నిమిషాలు మూల కూర్చోండి. మాట్లాడకండి, రాసుకోండి. ఎక్కువసార్లు కనిపించేది ఇదే: బంతి చేతిలో పట్టుకుని ‘బాల్ అను, నాన్నా, బాల్ అను, చెప్పు చెప్పు, బాల్’ అని ఆపకుండా అంటూనే ఉంటారు. పిల్లాడికి నోరు తెరిచే సందు ఎక్కడుంది? సెషన్ అయ్యాక ‘నువ్వు అస్సలు వెయిట్ చేయడం లేదు’ అంటే ఆ పిల్ల ముఖం మాడిపోతుంది. దాని బదులు వీడియో పెట్టి ‘వాడు నీ వైపు ఎప్పుడు చూశాడో ఆపి చూపించు’ అనండి. తనే ఆపుతుంది, తనే చూస్తుంది. ‘అక్కా, నేను ఆపితే గదంతా నిశ్శబ్దంగా ఉంటుంది, బయట కూర్చున్న వాళ్లమ్మ నేనేమీ చేయడం లేదనుకుంటుంది’ అని అప్పుడు అసలు కారణం చెప్తుంది. అది జూనియర్ తెలివికి సంబంధించింది కాదు, పేరెంట్ భయానికి సంబంధించింది. ఆ అమ్మను లోపలికి పిలిచి, మనసులో ఐదు దాకా లెక్కపెట్టి ఆగడం ఎందుకో చెప్పాల్సిన బాధ్యత మీది.

ఒక్కసారి ఒక్క విషయమే చెప్పండి. వచ్చే వారం అదొక్కటే చూడండి. తప్పు చెప్పాల్సినవి గదిలో, బాగా చేసినవి అందరి ముందు. శనివారం చివరి గంట కేసు చర్చకు పెట్టించగలిగితే మంచిది. ఆ గంటలో సెషన్లు పోతాయని యజమాని గొణుగుతారు. ముగ్గురు జూనియర్లు ఏడాదికోసారి మానేస్తుంటే కొత్తవాళ్లను వెతికి నేర్పడానికి ఎంతవుతుందో లెక్క వేసి చూపించండి.

పేరెంట్స్ ముందు, స్కూల్ ముందు

‘ఎన్ని నెలల్లో మాట వస్తుంది మేడమ్?’ అని అడగని పేరెంట్ ఉండరు. మూడు నెలలు అని చెప్పేసే సెంటర్లకు జనం వెళ్తారు కూడా. మీ సెంటర్లో ఈ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు ఇచ్చేలా చూడండి: ‘తేదీ చెప్పలేం. ఈ మూడు నెలల్లో ఈ రెండు పనుల మీద పడతాం, ప్రతి నెలా ఎంత మారిందో మీకే చూపిస్తాం.’ చూపించడానికి పైన చెప్పిన షీటు ఉంది కదా.

మాట ఆలస్యమైందని తెలియగానే ‘ఇంట్లో ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి’ అని ప్లేస్కూల్ వాళ్లు చెప్తారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా చెప్తారు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదు. ఆ మాట పట్టుకుని నాన్నమ్మ వచ్చీరాని ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి ఊరుకుంటుంది, రోజంతా కబుర్లు చెప్పే మనిషి మూగనోము పడుతుంది. పిల్లాడికి పోయేది అదే. స్కూల్ ప్రిన్సిపాల్‌ను కలిసి ఈ విషయం మర్యాదగా, గట్టిగా చెప్పండి. ‘మేడమ్, మీ టీచర్లకు ఒక గంట మాట్లాడతాను, ఫీజేమీ వద్దు’ అంటే సాధారణంగా ఒప్పుకుంటారు. రిఫరల్స్ కూడా అక్కడి నుంచే మొదలవుతాయి. ప్రభుత్వ బడుల వైపు మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడ ఆ పిల్లలకు చెప్పే ఐఈఆర్‌పీ టీచర్లకు నేర్పితే మీరు ఎప్పటికీ వెళ్లలేని ఊళ్లకు మీ పని వెళ్తుంది. జిల్లాలో ఉద్యోగమే కావాలంటే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద నడిచే డీఈఐసీల్లో, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా కేంద్రాల్లో మన పోస్టులు ఉన్నాయి. ఎక్కువగా కాంట్రాక్టువే, జీతం చూసి నిట్టూర్చాల్సిందే. కానీ పీడియాట్రీషియన్, ఫిజియో, సైకాలజిస్టు అందరితో ఒకేచోట పని చేసే అవకాశం ప్రైవేటులో తక్కువ.

డబ్బు, హోదా అడగండి

మార్చి నెలలో అందరితో పాటు లైన్లో నిలబడి అడగొద్దు. పని పూర్తయి లెక్క చేతిలో ఉన్నప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకుని అడగండి. ఇల్లు గడవడం లేదని చెప్పకండి, ఎవరికీ గడవడం లేదు. ఏం చేశాను, దానివల్ల ఏం మారింది, ఇకముందు ఏం చేస్తాను అని ఒక్క పేజీ చాలు.

జీతం పెంచలేమంటే ఊరికే వచ్చేయకండి. వారానికి ఒక పూట సూపర్విజన్‌కు సెషన్లు లేకుండా అడగండి. సదస్సు ఖర్చులు అడగండి. హోదా మార్చి ఉత్తరం ఇమ్మనండి. సీనియర్ అని అందరూ పిలవడం వేరు, లెటర్‌హెడ్ మీద ఉండటం వేరు. ఇంకెక్కడికి వెళ్లినా అడిగేది కాగితమే. సెషన్‌కు ఇంత అని పర్సంటేజీ మీద పని చేసేవాళ్లు పిల్లాడు రాని రోజు సంగతి, రిపోర్టులు రాసే టైమ్ సంగతి ముందే రాయించుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

సొంత సెంటర్ పెట్టాలనుకుంటే

అద్దె, అడ్వాన్సు, ఇంటీరియర్ గురించి అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది, మొదటి ఏడాది మీరు థెరపిస్టుగా సగమే మిగులుతారు. మిగతా సగం లీకయ్యే ఏసీ, రాని ఆయమ్మ, ఫీజు బాకీలు. రోజంతా థెరపీ చేస్తేనే ప్రాణం కుదుటపడే స్వభావమైతే ఇంకా ఆలోచించండి.

పెట్టాలనే నిశ్చయిస్తే మొదటి రోజే కొన్ని నియమాలు ఉండాలి. తలుపుకు అద్దం లేదా కెమెరా లేని గదిలో పిల్లలతో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. వీడియో తీయడానికి రాతపూర్వక అనుమతి ఉండాలి, దాన్ని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికి విడిగా ఇంకో అనుమతి, అసలు పెట్టకపోతే ఇంకా మంచిది. పోక్సో చట్టం కింద పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పడం తప్పనిసరి అని స్టాఫ్ అందరికీ తెలిసి ఉండాలి. ఆయమ్మకు కూడా.

పై చదువు, విదేశాలు

ఎంఎస్సీ చేయాలా అంటే, లెక్చరర్ అవ్వాలన్నా, పెద్దాసుపత్రిలో హెడ్ అవ్వాలన్నా, అమెరికా వెళ్లాలన్నా చేయాలి. 1965లో మొదలైన మైసూరు ఐష్‌లో (ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్) సీటు వస్తే వదులుకోకండి. ఊళ్లోనే ఉండి క్లినిక్ చూసుకునే వాళ్లకు ఒక లైనులో మంచి ట్రైనింగ్ దానికంటే ఎక్కువ పనికొస్తుంది. నా అభిప్రాయం ఇది, మా కాలేజీ వాళ్లు ఒప్పుకోరు.

అమెరికాలో ఆషా (అక్కడి స్పీచ్, హియరింగ్ నిపుణుల సంఘం) సర్టిఫికెట్‌కు మాస్టర్స్ స్థాయి చదువు, 400 క్లినికల్ గంటలు, ప్రాక్సిస్ పరీక్ష, ఆ తర్వాత కనీసం 36 వారాలు, 1,260 గంటల ఫెలోషిప్ కావాలి. దాంతోపాటు ఏ రాష్ట్రంలో పని చేస్తారో అక్కడి లైసెన్సు. బ్రిటన్‌లో ఈ వృత్తులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే హెచ్‌సీపీసీ వాళ్లు మీ సిలబస్, క్లినికల్ గంటలు చూసి తేలుస్తారు. ముద్ర వేసిన కాపీలు ముందే తెచ్చుకోమన్నది ఇందుకే. ఇంగ్లీషు మాతృభాష కాని స్పీచ్ థెరపిస్టులకు అక్కడ ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 8, ఏ విభాగంలోనూ 7.5కు తగ్గకుండా రావాలి. చాలా ఇతర వృత్తులకు అడిగే దానికంటే ఇది ఎక్కువ. దరఖాస్తుకు ముందే ఆ పరీక్ష రాసేయండి, రైటింగ్‌లో ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక్కడే ఉండి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో సెషన్లు చేయాలన్న కోరిక అందరికీ ఉంది, అడిగే పేరెంట్స్ కూడా ఉన్నారు. పొద్దున ఆరింటికి లేవడం కష్టం కాదు. పిల్లాడు ఉన్న రాష్ట్రంలో లైసెన్సు లేకుండా అక్కడి పిల్లాడికి థెరపీ చేయవచ్చా అన్నదే చిక్కు. ఫీజు మాట్లాడుకునే ముందే ఆ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్ చూసి, మెయిల్ పెట్టి, జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి. కుదరదని తేలితే థెరపీ అనకుండా, అక్కడి థెరపిస్టుకు ఆ పిల్లాడి తెలుగు ఎలా ఉందో వివరించి చెప్పే కన్సల్టేషన్ పని చేయవచ్చేమో అదే బోర్డును అడగండి.